ఎస్తేరమ్మ టీచరు మాచేత గీయించిన ఊరి పటం

ఎస్తేరమ్మగారు ఆదివారం దివంగతులయ్యారని కడపనుంచి కార్డు వచ్చింది. చదివి నిశ్చేష్టుణ్ణయ్యాను. నెలక్రితం చూసినప్పుడు రోగచిహ్నమేదీ కనబడలేదు. జీవితమంతా చిన్నబడుల్లో భూగోళశాస్త్రం బోధించిన ఆమె పత్రికలకెక్కే పదవులేవీ నిర్వహించలేదు. శిష్యుడిగా ఈ నాలుగు మాటలు రాయడం నా విధి.

కమలాపురం దగ్గర మా ఊళ్లో ఆమె నాలుగో తరగతి ఉపాధ్యాయిని. బడిలో ఉన్నది ఒకటే ప్రపంచపటం. దాన్ని విప్పేముందు పూర్వం పటాలు గీసినవారి చరిత్ర చెప్పేవారు. నావికుల మాటలు విని గీసేవారట. ఎవరూ చూడని దేశాల్లో సింహాలనూ సర్పాలనూ చిత్రించేవారట. అక్కడేముందో తెలియదని ఒప్పుకొని ఖాళీగా వదలడానికి మానవజాతికి ఎన్నో తరాలు పట్టిందట. “తెలీనిచోట బొమ్మ గీయొద్దు నాయనా” అనేవారు.

ఒకనాడు మా ఊరి పటమే గీయమన్నారు. గుడి, చావడి, శనగచేలు, నీళ్లు పారే వంక గీశాను. వంకకవతల క్రైస్తవుల వాడ ఉండవలసినచోట ఏమీ గీయలేదు.

“ఈడేముండాది?” అన్నారు.

“తెలీదు టీచరమ్మా. మమ్మల్ని ఆ పక్కకు పోనియ్యరు.”

“తెలీదన్నావే, అది మేలు. పాండి, చూసొద్దాం.”

తరగతి మొత్తం అడుగులు లెక్కపెడుతూ వంక దాటింది. వాడలో ఒక వృద్ధురాలు నా కాగితంలోకి తొంగిచూసి, “మా బాయి గూడా ఏస్తావా నాయనా?” అని అడిగింది. వాళ్ల బావినీ వేశాను.

మరునాడు మా నాయన బడికి వచ్చారు.

“ఏమ్మా, మా పిల్లోళ్లను ఆ వాడలోకి యాల పిల్చుకపోతివి?”

“ఊరి పటంలో సగం ఊరే ఉండాదయ్యా. తక్కింది చూడకుండా యెట్ల గీస్తారు?”

మా నాయన నేరుగా ఇంటికెళ్లి ఆమెమీద పైవాళ్లకు అర్జీ రాశారు. పరీక్షలు కాకముందే ఆమెను దూరపు ఊరికి బదిలీ చేశారు. బండి ఎక్కేటప్పుడు కూడా ఆమె ఎవరినీ నిందించలేదు.

కాలక్రమాన నేనూ ఉపాధ్యాయుణ్ణయ్యాను. నెలక్రితం కడపలో ఆమె యింటికి వెళ్లి, ఆ అర్జీ మా నాయనే రాశారని చెప్పి, మన్నించమన్నాను.

“తెలుసులే. ఆ కాగితం నాకు చూపించినారు. మీ నాయన రాత శానా బాగుండాది” అని నవ్వారు. తర్వాత, “నీ పిల్లోళ్లను బయటికి పిల్చుకపోతాండావా, గోడమీది పటంతోనే సరిపెడతాండావా?” అని అడిగారు.

తల వంచుకున్నాను.

“గీయించి తెచ్చి చూపియ్.”

పోయిన వారమే పిల్లలను వెంటబెట్టుకొని ఊరంతా తిరిగాను. వారు గీసిన పటాలు చుట్టగట్టి, కడప ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఆ కార్డు అందింది. ఆ చుట్ట ఇంకా విప్పలేదు. దానిలోని తప్పొప్పులు చెప్పగలిగిన ఏకైక వ్యక్తి ఇక లేరు. ఆ మహనీయురాలికి శిష్యుడి సాష్టాంగ ప్రణామం.