మార్కు మీదున్న నీళ్ళు

ఈ ఉదయం మా వీధిలో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన నా పాత అంబాసిడర్ చుట్టూ ప్రదక్షిణం చేసి, బానెట్ ఎత్తి చూపించమని ముచ్చటపడ్డాడు. ఎత్తాను. రేడియేటరు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాని వేలితో తట్టి, "కూలెంటు సరిగ్గా మార్కు మీదుందండీ, ఎంత బాగా చూసుకుంటున్నారో" అని మెచ్చుకున్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంజను చల్లగా ఉందని చేత్తో తడిమి చూసి, రేడియేటరు మూత తీసి లోపల నీళ్ళు కంటితో చూసుకున్నాకే బానెట్ దించాను. ఆయన నన్నొకసారి వింతగా చూసి వెళ్ళిపోయాడు.

ఆ కారు మా నాన్నది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసిన మనిషి కారు ఎలా ఉంటుందో అలాగే ఉండేది. సీట్లకి పాకం వాసన, డిక్కీలో చీమల బారు. ఎండాకాలం ఆ చీమలు కూడా మాతో పాటు విశాఖపట్నం వెళ్ళి వచ్చేవి. పొద్దున్నే కారు నీళ్ళు చూడందే ఇంట్లో ఎవరికీ కాఫీ ఉండేది కాదు. "ఇంజను గొంతు తడవకుండా మనం తాగడవేటి" అనేవారు నాన్న. డికాక్షన్ చల్లారిపోతోందని అమ్మ వంటింట్లోంచి సణిగేది. నాన్న పోయాక కూడా ఆ ఆచారం నాతో ఉండిపోయింది. అక్కకి కారంటేనే చిరాకు, అందుకని నాన్న దాన్ని నా పేరున రాసిచ్చారు. అప్పుడు మా బావ, అంటే అక్క మొగుడు, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

నాకు డ్రైవింగు నేర్పింది ఆ బావే. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, స్కూల్లో లెక్కల టీచర్ని. స్టీరింగు పట్టుకుంటే వీధి వీధంతా అరుగులెక్కి నవ్వేది. నవ్వని వాడు బావ ఒక్కడే. ఆ ప్లాస్టిక్ డబ్బా బిగించిందీ ఆయనే. ఇంజను వేడెక్కితే రేడియేటర్లో నీళ్ళు పొంగి సన్న పైపులోంచి డబ్బాలోకి వస్తాయని, చల్లారాక అదే పైపులోంచి తిరిగి లోపలికి పోతాయని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత చొక్కా చెయ్యి మడిచి, ఎప్పుడో వేడి మీద మూత తీసినప్పుడు మోచేతి దాకా కాలిన మచ్చ చూపించాడు. "ఈ మూత జోలికెల్లకు మరదలా. డబ్బా సూసుకో, సాలు." స్కూల్లో ఇన్‌స్పెక్టర్లకి కూడా జంకని నేను ఆ మూతకి జడుసుకున్నాను. ఇరవై ఏళ్ళ పైన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నేను రిటైరయ్యాక కంటి ఆపరేషనుకని విశాఖలో స్నేహితురాలింట్లో పది రోజులున్నాను. కారు తాళం బావ చేతిలో పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చిన మర్నాటినుంచి ఆయన రోజూ కాఫీ వేళకి వచ్చేవాడు. "నువ్వొంగకు, కంటికి మంచిది కాదు. నేను సూత్తాను" అంటూ బానెట్ ఎత్తి, టార్చి వేసి, "మార్కు మీదే ఉన్నాది" అనేవాడు. నిలబడే నేనూ చూసేదాన్ని. పచ్చనీళ్ళు గీత మీద కదలకుండా ఉండేవి. నెలకో గుక్కెడైనా పొయ్యాల్సిన డబ్బాలో ఇరవై రోజులు చుక్క కూడా తగ్గకపోతే లెక్కల టీచర్ని కదా, అనుమానం రావద్దూ? రాలేదు సరికదా, బావ చేతి చలవ అని అక్కతో గొప్పగా చెప్పుకున్నాను. ఆ ఇరవై రోజుల మధ్యలోనే డాక్టరు డ్రైవింగుకి సరేనన్నాక బజారుకీ, గుడికీ కారు తియ్యడం మొదలుపెట్టాను, అయినా గీత కదల్లేదు.

బుచ్చయ్యపేటలో బంధువుల గృహప్రవేశానికి అక్కా నేనూ బయల్దేరిన రోజున, చెరుకు తోటల మధ్య ఇంజను గరగరమని ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వేడి చూపించే ముల్లు నాన్న హయాంలోనే సమ్మె చేసింది కాబట్టి ముందస్తు కబురేమీ అందలేదు. బావకి ఫోన్ చేశాం. ఆయన మెకానిక్కుని స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చేసరికి ఇంజను చల్లారింది. మెకానిక్కు మూత తీసి లోపలికి చూశాడు. "డబ్బాలో ఉన్నాయి గానండి, రేడియేటర్లో సుక్క నేదు" అన్నాడు. సన్న పైపుని చివర్లో వంచి చూపించాడు. అది క్లిప్పు కింద చీలిపోయి ఉంది. చీలిక మీద నల్లటేపు పొందిగ్గా చుట్టి ఉంది. వేడికి టేపు వదులై నీళ్ళు ఆ చీలికలోంచి రోడ్డు పాలయ్యాయి, డబ్బాలోవి మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. "ఈ టేపు ఎవులు సుట్టేరండి?" అని మెకానిక్కు అడిగాడు.

బావ నా వైపు చూడలేదు. ఆయన చెప్పిందంతా కలిపితే ఇంతే. నేను విశాఖలో ఉండగా గొలుగొండలో స్నేహితుడింట పెళ్ళికి, పెళ్ళికూతుర్ని ఎక్కించుకోడానికి కారు తీసుకెళ్ళాడు. ఎండలో, జనంతో, ఇంజను మరిగి పైపు చీలింది. అక్కడే టేపు చుట్టి, పైకి కనబడే డబ్బాని నింపి తెచ్చాడు.

"నాతో ఒక్క మాట అంటే పోయేది కదా బావా, పైపు మార్పించేదాన్ని" అన్నాను.

"మావగారు నాకే ఇచ్చేరని సెప్పేనక్కడ. అది నీకు తెలిసిపోద్దని..." అని పైపు మీదికి వంగాడు. టేపు అంచు గోటితో గీకుతూ, చాలా మెల్లగా, "నువ్వు మూత తియ్యవు కదా అనుకున్నాను" అన్నాడు.

కారు తీసుకెళ్ళినందుకు నాకు కోపం రాలేదు. అడిగితే నేనే పూలు కట్టి పంపేదాన్ని. పెళ్ళివాళ్ళ ముందు తనదని చెప్పుకున్నందుకూ రాలేదు, అల్లుడికి ఆ మాత్రం ఆశ ఉండదా? కానీ నా మేలు కోరి నాకు నేర్పిన భయం వెనకే ఆయన దాక్కున్నాడు. ఇరవై పొద్దుట్లు నా పక్కన నిలబడి, నా చేతి కాఫీ తాగుతూ, ఆ భయం ఇంకా పనిచేస్తోందా లేదా అని చూసుకున్నాడు. నాకది ద్రోహమే. ఇంకో మాటేదీ దొరకలేదు. అక్క చెరుకు తోటల వైపు తిరిగి నిలబడింది. గృహప్రవేశానికి ఆటోలో వెళ్ళి భోజనం చేసి వచ్చాం, ముగ్గురమూ.

ఇంజను బాగు చేయించాను. బావ ఇప్పటికీ వస్తాడు, కాఫీ ఇస్తాను, ఎండల గురించి మాట్లాడుకుంటాం. బానెట్ దగ్గరికి మాత్రం రాడు, నేనూ పిలవను. ఒక్కోసారి పాత రోజులు గుర్తొస్తాయి. వీధంతా నవ్వినప్పుడు ఆయనొక్కడే నవ్వనిది నా కోసమా, కారు మీద ఆశతోనా అని ఒక ప్రశ్న ఇప్పుడు వాటితో పాటే వస్తోంది. అబద్ధం రాబోయే రోజుల్నే పాడుచేస్తుందనుకునేదాన్ని. ఎప్పుడో సంతోషంగా గడిచిపోయిన ఏళ్ళలోకి కూడా అది నడిచి వెళ్ళగలదని అరవై దాటాక తెలిసింది.