గట్టుకు పురుడని ఆమె చెప్పింది

ఒక నవ్వును ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మూటో రాయో అయితే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. నవ్వును ఎక్కడ దించుతారు? నలుగురు కూర్చున్నచోట నేనేదో అంటాను. అందరూ పగలబడి నవ్వుతారు. ఆ నవ్వులన్నీ ఆగాక, కొంచెం ఆలస్యంగా, ఒక ముసలావిడ నవ్వు వినిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. దయ్యమనుకునేరు. దయ్యమైతే తాయెత్తు కట్టించుకుని హాయిగా ఉండేవాణ్ణి. మీరు నన్నెరగరు, నేను పేరు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివరి మాట. మాది హోసూరులో అంగడి కుటుంబం. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చుంటే, నా వేళాకోళం భరించలేక మా నాన్న నన్ను గురుబరపల్లిలో మేనమామ అంగడికి పంపించాడు. అక్కడ తాళ్ళు, వల అల్లే దారం అమ్మేవాళ్ళం. కృష్ణగిరి ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళలో వల వేసుకుని బతికే కుటుంబాలు మా దగ్గరే దారం కొనేవి. వాళ్ళలో పెద్దది మునెమ్మవ్వ. భర్త లేడు. కొడుకు చిన్నప్ప వల వేసేవాడు. పదిమంది కూడినచోట వాళ్ళందరి తరఫునా మాట్లాడేది ఆమే. ఆమె ఒక మాట అంటే దాన్ని ఎవరూ దాటేవారు కాదు.

ఒక ఏడు వానలకు ముందు మదరాసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆ నీటి గట్టు పొడవునా ఎక్కడ వల వేయాలి, ఎక్కడ పశువులను దించాలి, నీళ్ళు వెనక్కి తగ్గిన నేలలో ఎక్కడ దోస, పుచ్చ పెట్టుకోవచ్చు, అన్నీ ఆలోచించి ఒక ఏర్పాటు చేయాలని ఆయన తాపత్రయం. చేపా మిగలాలి, మనుషులూ మిగలాలి అనేవాడు. నిజంగానే మంచివాడు. చెడ్డవాడై ఉంటే ఇవాళ నాకెంత సుఖంగా ఉండేది!

ఆయనకు తమిళం తప్ప రాదు. గట్టువాళ్ళ తమిళం సంతలో చేపలమ్మడానికి సరిపోతుంది, అంతకు మించి నడవదు. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ వాగగలనని మామ నన్ను పంపించాడు. అంగడికి ఒక పూట విశ్రాంతి అనుకుని ఉంటాడు.

మధ్యాహ్నం. గాలి హోరు. ఆయన పైన కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళు మర్యాదకు కింద నీళ్ళ పక్కన నిలబడ్డారు. నేను కిందికీ పైకీ తిరుగుతూ మాటలు మోస్తున్నాను. వానాకాలంలో వల ఎక్కడ వేయకూడదో అడగమన్నాడాయన. అడిగాను.

“గట్టుకు పురుడప్పా,” అంది మునెమ్మవ్వ. “కొత్తనీళ్ళు వచ్చినాయంటే చేప లోతు వదిలి ఈ అంచుకొచ్చి గుడ్లు పెడుతుంది. పిల్ల ఈదుకుంటా లోపలికి పోయేదాకా ఈడ ఎవురూ వల వెయ్యము, కాలు పెట్టము, ఎనుముల్ని దించము. పురిటింట్లోకి మొగోళ్ళు జొరబడతారా? అట్లనే ఇదీ. ఈ మాట దొరకి బాగా చెప్పప్పా.”

పైకి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగాను. దారిలోనే నాకొక జోకు తట్టింది. అదే నా ఖర్మ.

“గట్టుకు తీట్టు సార్,” అన్నాను. తీట్టు అంటే తమిళంలో మైల. “ముట్టుకుంటే స్నానం చేయాలంట. పొద్దస్తమానం నీళ్ళలో ఉండేవాళ్ళు కదా, స్నానమంటే భయం.”

ఆయన నవ్వాడు. జీపు డ్రైవరు నవ్వాడు. వెంట వచ్చిన గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. మేం నవ్వడం చూసి కింద మునెమ్మవ్వ కూడా నవ్వింది. “దొరకి అర్థమయినట్టుందిరా!” అని కొడుకు వీపు తట్టింది. గాలి ఆ మాటను పైకి మోసుకొచ్చింది.

ఆయన నవ్వు ఆపి మళ్ళీ అడిగాడు, ఇంకేమైనా కారణం చెప్పిందా అని. మీరు గమనించండి, మళ్ళీ అడిగాడు. “లేదు సార్, అంతే,” అన్నాను.

ఎందుకన్నాను? ఆమె మీద నాకు కోపం లేదు. ఆ గట్టు ఎవరికి పోతే నాకేమిటి? నిజం చెబితే జోకు చచ్చిపోతుంది, అంతే కారణం. పైగా మాటకు మాట చూస్తే అది అబద్ధం కూడా కాదు. పురిటి మైలనూ తమిళంలో తీట్టనే అంటారు. ఆ పిసరంత నిజం పట్టుకుని నేను చాలాకాలం వేలాడాను. ఆమె చెప్పింది పుట్టబోయేవాటి గురించి. నేను మోసుకెళ్ళింది మైల. బిడ్డను దారిలో వదిలేసి ఉత్త మైలను మాత్రం ఆయన ముందు పెట్టాను.

కొన్నాళ్ళకు కృష్ణగిరి ఆఫీసు నుంచి తెలుగు వచ్చిన ఇంకో గుమాస్తా వచ్చి అందరినీ పోగుచేసి ఏర్పాటు చదివాడు. నడుమ నీళ్ళు గట్టువాళ్ళకు, అంచు నీళ్ళు బయటి కాంట్రాక్టరుకు. చిన్నప్ప అడ్డం పడితే గుమాస్తా తెలుగులోనే సమాధానం చెప్పాడు. “మీ పెద్దామే చెప్పిందంట కదప్పా, అంచు మైలని మీరు ముట్టుకోరని. మీరు ముట్టని చోటు ఇంకొకడికి ఇస్తే మీకేం పోయింది?”

అందరూ మునెమ్మవ్వ వైపు తిరిగారు. నేను అంగడికి పని ఉందని తిరిగొచ్చేశాను.

మరునాడు ఆమె అంగడికి వచ్చింది. దారం అడగలేదు.

“ఆ దొరకి ఏమని చెప్పినావప్పా?”

“నువ్వు చెప్పిందే చెప్పినాను అవ్వా.”

చాలాసేపు నా మొహం చూసింది. నా అబద్ధం పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకుంటే బాగుండేది.

“అట్లయితే నేనే సరిగా చెప్పలేదేమో,” అని వెళ్ళిపోయింది.

కృష్ణగిరికి బస్సు మా అంగడి ముందే ఆగేది. ఎక్కి వెళ్ళి ఆఫీసులో ఒక్క మాట చెబితే చాలేది. పరువు పోతుందనుకున్నాను. నలుగురిలో ఇకిలించి బతికేవాడికి పరువేమిటో!

ఆ ఏడు కొత్తనీళ్ళు వచ్చాయి. కాంట్రాక్టరు మనుషులు దోమతెర లాంటి సన్నకంటి వలతో అంచంతా ఊడ్చారు. సంతలో చేప చవకైపోయింది. మా ఇంట్లో చేప తినరు. చేసిన పాపంలో రుచి కూడా నాకు దక్కలేదు. ఆ తరవాత ఏటేటా వలలు తేలికయ్యాయి. కాంట్రాక్టరు వేరే చెరువు చూసుకున్నాడు. గట్టువాళ్ళు ఒక్కొక్క ఇల్లే తాళం వేసుకుని రాళ్ళ క్వారీలకో, హోసూరులో కొత్తగా లేచిన ఫ్యాక్టరీలకో పోయారు. మునెమ్మవ్వ మాత్రం ఎక్కడికీ పోలేదు. నలుగురిలో మాట్లాడటం మానేసిందని విన్నాను. మాట్లాడమని అడిగినవాళ్ళూ లేరు.

నేను కూడా హోసూరుకు తిరిగొచ్చేశాను. అయినా వానలు మొదలైతే కాళ్ళు ఊరుకోవు. ఒక ఏడు బస్సెక్కి వెళ్ళి ఆ గట్టున నిలబడ్డాను. కొత్తనీళ్ళకు అంచు అంతా చేపలతో తుళ్ళిపడేదని వాళ్ళు చెప్పేవారు. ఎర్రనీళ్ళు వచ్చాయి, నిలిచాయి. ఒక్క బుడగ లేదు. అంత నీటికి అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు.

మొన్న హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర చిన్నప్ప కనిపించాడు. ఖాకీ చొక్కాలో గుర్తుపట్టలేదు. అవ్వ ఎట్లుందని అడిగితే, పోయిందన్నాడు. “మాయమ్మ నోరే మాకు చేటయిందప్పా,” అన్నాడు. “ఆయమ్మ ఆ దినము నోరు మూసుకోని ఉన్నింటే గట్టు మాకే ఉండు. కడాకు కూడా ఆయమ్మతో నేను సరిగా మాట్లాడలేదు.”

అప్పుడైనా చెప్పాలి కదా? అతని చొక్కా గురించి ఏదో వేళాకోళమాడాను. పాపం, నవ్వాడు.

చిన్నప్పకు చెప్పాలి. చెబుతానా? నన్ను నేను నమ్మను. ముందు మీకు చెప్పడం అందుకు సాధన కావచ్చు, దాన్ని తప్పించుకునే ఎత్తు కూడా కావచ్చు. మీరు క్షమించినా లాభం లేదు, మీరు ఆమె కాదు. కానీ ఈ మాట ఒక్కసారైనా నా చేతులతో రాస్తే ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతుందేమోనని చూస్తున్నాను.

మునెమ్మవ్వ సరిగ్గానే చెప్పింది. తప్పుగా చెప్పింది నేను. అడిగితే అబద్ధమాడిందీ నేనే.

ఊపిరి ఆడుతోంది. కొంచెం.