రష్యన్ పక్క, పోలిష్ పక్క

ఆశ వాళ్ళ నాన్న చెన్నరాయప్పకు చిక్కపేటలో చీరల ఫాల్స్, లైనింగ్ గుడ్డ హోల్‌సేల్‌గా అమ్మే అంగడి ఉంది. కింద పరిచిన పరుపు మీద నలుగురు కూర్చుంటే ఐదో మనిషి మెట్టు మీద నిలబడాల్సినంత చిన్నది. ఆశ స్నేహితురాలు సుమ పోలిష్ భాష నేర్చుకుంది ఆ పరుపు మీదే.

సుమది హిందూపురం. కాటన్‌పేటలో పీజీ హాస్టల్లో ఉండేది. విశ్వవిద్యాలయంలో ఆశా తనూ రష్యన్, పోలిష్ రెండూ కలిపి తీసుకున్నారు. ఫీజు కట్టాక తెలిసింది, రెండు క్లాసులూ ఒకే వేళకు పెట్టారని. ఆఫీసులో అడిగితే, రెండూ తీసుకునేవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోలేదన్నారు.

ఆశ అక్కడికక్కడే తేల్చేసింది. "నువ్వు రష్యన్‌కు పో. నేను పోలిష్‌కు పోతా. సాయంత్రం అంగట్లో మార్చుకుందాం." పరీక్ష పాసైతే చాలని టీచర్లూ ఊరుకున్నారు.

ఇద్దరూ మెజెస్టిక్‌లో మెట్రో రైలు మారి చిక్కపేటలో దిగేవాళ్ళు. ఒకరి పాఠం ఒకరికి చెప్పుకునేవాళ్ళు. కానీ రెండూ అక్కచెల్లెళ్ళ లాంటి భాషలు, ఒకదాని మాట ఇంకోదాంట్లోకి వచ్చేసేది. దానికి ఆశే ఒక ఉపాయం కనిపెట్టింది. గల్లాపెట్టె పక్కన కూర్చుంటే రష్యన్. లైనింగ్ తానుల పక్కన కూర్చుంటే పోలిష్. భాష మారాలంటే లేచి జరగాల్సిందే.

"ఏమే, యాపారం చేసే తావులో ఈ కుర్చీలాట ఏంటికి?" అనేవాడు చెన్నరాయప్ప.

"ఇదీ యాపారమే అప్పా. రేపు వాళ్ళకు ఫాల్స్ అమ్ముతా."

"వాళ్ళు చీరలు కడతారా?"

"కట్టరు. అందుకే పోటీ లేదు."

ఆయన నవ్వు బిగబట్టి, తానులు కొంచెం వెనక్కి నెట్టి చోటు చేసేవాడు.

రెండో ఏడు చివర్లో ఆశ కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. వాళ్ళ అవ్వ హనుమక్క పసరు తాగించి, పథ్యం పెట్టింది. తగ్గినట్టే తగ్గి, ఒక మధ్యాహ్నం ఆశ అంగట్లోనే పడిపోయింది. లివర్ పూర్తిగా చెడిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆశ పట్టు ఒకటే, రెండూ రాయాలి. "ఒకటి వదిలేస్తే ఇంగేమి చదివినట్టు? నువ్వు పాఠాలు తెస్తా ఉండు. నేను లేస్తా."

సుమ ఒక్కతి. క్లాసులు రెండు. ఒక రోజు దానికి, ఒక రోజు దీనికి పోయేది. పోనిదాన్ని పుస్తకం ముందేసుకుని కూడబలుక్కుని చదివేది. ఆసుపత్రిలో పరుపూ తానులూ లేవు కాబట్టి, సెలైన్ స్టాండు పక్క పోలిష్, కిటికీ పక్క రష్యన్ అంది ఆశ. సుమ స్టూలెత్తుకుని మంచం చుట్టూ తిరుగుతుంటే నర్సు కసురుకునేది.

ఒకనాడు పోలిష్ క్లాసుకూ పోలేదు, పుస్తకం తీసే ఓపికా లేదు. ఐనా సెలైన్ పక్కన కూర్చుని, రైలు టికెట్టు కొనే పాఠం ఒకటి తానే కల్పించి చెప్పింది. ఆశ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"ఇది పుస్తకంలో లేదు కదా?"

సుమ తల దించుకుంది.

"బాగుండాదిలే. టికెట్టు యాడికి?"

"తెలీదే. అంతదాకా కల్పించలే."

"సరే, రేపు చెప్పు."

మర్నాటికి ఆశకు తెలివి తప్పింది. సుమ స్టూలు మంచం కాళ్ళ దగ్గర వేసుకుని కూర్చుంది. ఏ పక్కకు పోవాలో చెప్పేవాళ్ళు లేరు. డాక్టరు వచ్చి ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. చెన్నరాయప్ప వరండాలోంచి పరుగున వచ్చాడు.

"ఏమన్నాడమ్మా?"

ఆ రెండు మాటలకూ తెలుగు సుమకు తెలుసు. ఐనా "చూస్తా ఉండారంట చిన్నాయనా," అంది.

ఆశ ఆ వారంలోనే పోయింది.

సుమ రష్యన్ పరీక్ష రాసింది. పోలిష్ పరీక్ష రోజు హాలు గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగింది. అలవాటుగా మెజెస్టిక్‌లో రైలు మారింది. అలవాటుగా చిక్కపేటలో దిగింది.

అంగడి తెరిచే ఉంది. వెనక్కి నెట్టిన తానులు వెనకనే ఉన్నాయి. చెన్నరాయప్ప ఫాల్స్ కట్టలు కడుతున్నాడు.

"పరీక్ష రాసినావా?"

"లేదు చిన్నాయనా."

ఆయన కట్ట ముడివేసి పక్కన పెట్టాడు. "ఆ పొద్దు ఆస్పత్రిలో టికెట్టు కత చెప్తా ఉంటివే. నేను తలుపు కాడనే ఉంటి. టికెట్టు యాడికో ఆశ రేపు చెప్పమనె. మిగిలింది నాకు చెప్పు. బాస అర్థం కాకపోయినా పోనీ, ఊరి పేరన్నా తెలస్తాది." పరుపు దులిపాడు. "రా, కూచో. ఏ పక్క కూచుంటావో కూచో."

సుమ మెట్టు మీదే నిలబడిపోయింది. వెనక హమాలీ ఒకడు మూట మోసుకుంటూ వచ్చి, "జరుగమ్మా, జరుగు" అని కేకేస్తున్నాడు. జరగడానికి ఉన్నవి ఆ రెండు పక్కలే, గల్లాపెట్టె పక్క, తానుల పక్క.