హజరాబీ కుట్టిన గట్టి పరుపు

ప్రొద్దుటూరులో పరుపుల హజరాబీ అంటే తెలియనివాళ్లు తక్కువ. జమ్మలమడుగులో దూది ఏకే ఇంట్లో పుట్టి, ప్రొద్దుటూరులో అదే పని చేసే ఇంటికి కోడలిగా వచ్చింది. నలభై ఏళ్లుగా బూరుగు దూది పరుపులు కుడుతోంది. ఆమె కుట్టిన పరుపు మీద కూర్చుంటే సగం మనిషి లోపలికి దిగిపోవాల్సిందే. అదే ఆమె గొప్ప. పక్క కాస్త గట్టిగా ఉందని ఎవరైనా అన్నారంటే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషికి మనవరాలు పుడితే ఊరుకుంటుందా? కోడలు ఫిర్దోస్ పులివెందులలో పుట్టింట పురుడు పోసుకుని, మూడో నెలలో పాప ఆయేషాతో వచ్చేసరికి జానెడు మందాన చిన్న పరుపు, అటూ ఇటూ పొడుగు దిండ్లు, తల కిందికి ఆవాల దిండు సిద్ధం. కొడుకు షాహుల్ కువైట్ నుంచి వీడియోలో చూసి మురిసిపోయాడు.

మురిసిపోనిది ఒక్క ఆశా కార్యకర్త తిరుపాలమ్మే. పాప బరువు చూడడానికి వచ్చి పరుపు మీద అరచేయి పెట్టి నొక్కింది. చేయి మణికట్టు దాకా పోయింది.

"అక్కా, ఇది తీసెయ్. పాప మొగం దీంట్లోకి తిరిగితే ఊపిరాడదు. దిండ్లూ వద్దు. గట్టి పక్క మీద ఎల్లకిలా పండుకోబెట్టల్ల. తల్లి మంచం పక్కనే, కానీ వేరేగా."

హజరాబీకి ఒళ్లు మండింది. "నా పరుపుల మీద ఎంతమంది పిల్లోళ్లు పెరిగినారో తెల్సునా నీకు? నువ్వొచ్చి నాకు చెప్తాండావా?"

ఫిర్దోస్ పాపను ఒళ్లోకి తీసుకుని గోడకు చేరగిలబడింది. మూడు నెలలుగా సరైన నిద్ర లేక కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. ఎవరి వైపైనా మాట్లాడే ఓపిక ఆ పిల్లకెక్కడిది?

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం మిద్దె మీద దూది ఎండబెట్టి దిగివచ్చిన హజరాబీ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఫిర్దోస్ గోడకు ఆనుకుని పాలిస్తూ పాలిస్తూనే నిద్రపోయింది. ఒళ్లోంచి జారిన పాప పక్కనున్న పరుపులో బోర్లా పడి ఉంది. ముఖం మెత్తలో కూరుకుపోయింది. కాళ్లు కొట్టుకుంటున్నాయి, ఏడుపు మాత్రం లేదు.

ఒక్క ఉదుటున వెళ్లి ఎత్తుకుంది. పాప క్షణం సేపు నోరు తెరిచి, ఆపైన ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినపడ్డాక హజరాబీ పాపను భుజాన వేసుకుని, పరుపును కాలితో దూరంగా తోసేసింది.

ఫిర్దోస్ లేచి, జరిగింది అర్థమై, తల బాదుకుంది. "నాదే తప్పత్తా. కన్ను మూతబడింది."

"నీది కాదుమ్మే. మనిషన్నాక నిద్ర రాదా? తిరుపాలమ్మ చెప్తే ఇనకుండా రోసానికి పోయినా. తప్పు నాది."

నలభై ఏళ్లలో తన పని గురించి ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు. బాధా వేసింది, సిగ్గూ వేసింది. అప్పటికప్పుడు పాపను డాక్టరుకు చూపించి, ఏమీ కాలేదని ఆయన నోట విన్నాకే మంచినీళ్లు తాగింది.

మర్నాడు పొద్దున్నే సూది పట్టింది. రెండంగుళాల మందాన, దూదిని కూరి కూరి, దగ్గర దగ్గరగా కుట్లు బిగించి పరుపు కుట్టింది. పైన దుప్పటి ముడత లేకుండా లాగి కట్టింది. తిరుపాలమ్మను తనే పిలిపించింది.

తిరుపాలమ్మ నొక్కి చూసింది. చేయి దిగలేదు. "పలక మాదిరుందక్కా!" అంది.

"నా చేత్తో ఇంత గట్టి పక్క కుట్టించినావు గదమ్మే, నా పేరు చెడగొట్టినావు," అని నవ్వింది హజరాబీ. "ఫిర్దోసూ, పాలిచ్చేటప్పుడు కండ్లు మూతబడతాంటే నన్ను పిలువు. నేనెత్తుకుంటా."

ఆ మధ్యాహ్నం ఆయేషా కొత్త పరుపు మీద వెల్లకిలా పడుకుంది. పక్కన దిండు లేదు, బొమ్మ లేదు. ఆ పక్క మంచం మీద ఫిర్దోస్ ఒళ్లు మరిచి నిద్రపోతోంది. హజరాబీ పాప పొట్ట పైకీ కిందికీ ఆడడం చూస్తూ కూర్చుంది. ఫోన్ మోగింది. షాహుల్.

"మా, ఫిర్దోస్‌కు ఇయ్యి, రెండు మాటలు మాట్లాడతా."

"ఇయ్యను పో," అంది హజరాబీ గొంతు తగ్గించి. "మూడు నెల్లకు నిద్రపోతాండాది. రేపు చెయ్యి."