అంగారకుడికి అర్దళం

నా జీవితంలో ఒకే ఒక్కసారి రాకెట్టు ఎగరేశాను. అది పెనుకొండలో లేచింది, హిందూపురంలో అంటుకుంది, ధర్మవరంలో నేరుగా వచ్చి నా నెత్తిన పడింది. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వయిపోయాక నీరసంగా అనిపిస్తే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

అరవైల మొదట్లో మాట. మనిషి ఆకాశంలో తిరిగి మళ్లీ భూమ్మీద దిగాడని పత్రికలు రాసిన రోజులు. నేను పెనుకొండలో బడిపంతులుని. జీతం చిన్నది, జుట్టు పెద్దది, బుర్ర నిండా రాకెట్లు. ఎన్నాళ్లీ పౌరాణికాలు, ఒక సైన్సు నాటకం ఆడించి మా సీమను ఒక్క తోపుతో ముందుకు నెట్టేస్తాననుకున్నాను. అలా పుట్టింది ‘ఎర్రగ్రహం’.

కథ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. భూమి నుంచి ఒక కెప్టెన్ అంగారక గ్రహం మీద దిగుతాడు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటుంది. అక్కడి ఇంజనీరు కుజుడు తన ఊరికున్న ఒకే ఒక్క బావిలోంచి యంత్రంతో నీళ్లు తోడి పోస్తాడు. కెప్టెన్ తాగి, మూతి తుడుచుకుని, ఆ యంత్రాన్నే ఎత్తుకుని పారిపోతాడు. దారిలో రాకెట్టు చెడిపోతే మళ్లీ ఆ కుజుడే వచ్చి వాణ్ణి కాపాడతాడు. ఇందులో ఎవడు మంచివాడో బావిలో కప్పనడిగినా చెబుతుంది కదా!

కుజుడి వేషం ఓబులేసుకిచ్చాను. హిందూపురం బెల్లం మండీలో తూకం వేసేవాడు. కంచు గొంతు. రంగు కాస్త చిక్కన. ఆ పాపానికి ఏ నాటకంలోనైనా వాడికి రాక్షస వేషమే దక్కేది, చివరి రంగంలో చావు తప్పేది కాదు. కొడుకు చావడం చూడలేక వాళ్లమ్మ ఒక్క నాటకానికీ వచ్చేది కాదు.

“ధర్మవరంలో ఆడేటప్పుడు మాయమ్మను పిల్చుకొస్తా అయ్యవారూ. మా అక్కోళ్లింట్లోనే ఉండాది. ఇందులో నేను మంచోణ్ణే గదా? చచ్చేది లేదు గదా?” అని అడిగాడు.

“చచ్చేది ల్యా. చప్పట్లన్నీ నీకే. నాది పూచీ!” అన్నాను.

ఆ ‘పూచీ’ అన్న ముక్క తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

కెప్టెన్ వేషం గోరంట్ల భూస్వామి కొడుకు ప్రభాకరుకు ఇచ్చాను. ఎందుకంటారా? కెప్టెన్ అంటే తెల్లగా, నిగనిగలాడుతూ ఉండాలని నా బుర్ర దానంతటదే తేల్చేసింది, నన్నొక్క మాట కూడా అడగలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కాకి పోయి పోయి హంసపిల్లను ముద్దు చేసింది. నా రంగేమిటంటారా? తొందరేముంది, ఆ ముచ్చటా వస్తుంది.

మొదటి ఆట హిందూపురంలో. తెర వెనక రంగులు పూసేవాడు తిమ్మప్ప. మన నాటకాల పద్ధతి మీకు తెలిసిందే. మంచివాళ్ల ముఖాలకు అర్దళం పట్టించి గులాబీ రంగు తెప్పిస్తారు, రాక్షసులకు నూనెలో కలిపిన దీపం మసి పూస్తారు. నేను వెళ్లేసరికి తిమ్మప్ప ఓబులేసు ముఖానికి మసి మెత్తుతున్నాడు.

“ఏం తిమ్మప్పా, మసి పూస్తాండావు? వాడు మంచోడప్పా!”

“ఈ లోకపోడు కాదంటివి గదా? ఈ లోకపోడు కాకుంటే రాక్షసుడే. మా నాయన కాలం నుంచీ ఇదే పద్ధతి.”

తెర లేచే వేళయింది. పోనీలే, జనం కథ చూస్తారు గానీ రంగు చూస్తారా అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణో చూడండి.

కుజుడు నీళ్లు పోస్తుంటే జనంలోంచి ఒక కేక: “తాగొద్దు సామీ! ఇసం కలిపింటాడు!” కెప్టెన్ యంత్రం ఎత్తుకుని పరిగెత్తితే ఈలలు. కుజుడు కాపాడటానికి వస్తే టెంకాయ చిప్ప ఒకటి ఎగిరొచ్చి వాడి భుజానికి తగిలింది. అంగారక గ్రహం మీద టెంకాయలు పండుతాయని నేను రాయలేదు.

ఆట అయ్యాక ఒక పెద్దమనిషిని పట్టుకున్నాను. “కెప్టెను దొంగతనం చేసె గదన్నా?”

“పాపం, దేనికో అక్కర పడింటాదిలే. ఆ మొగంలో కళ చూస్తివా? పెద్దింటి బిడ్డప్పా.”

“నీళ్లు పోసింది కుజుడు గదా?”

“పోసె. ఊరికే ఎవురన్నా పోస్తారా? ఏదో మతలబు ఉండాది.”

“ప్రాణం గూడా కాపాడె గదన్నా!”

“అదే! అన్నిసార్లు ఎందుకొస్తాండాడు వాడు? వాని చూపే మంచిది కాదు!”

నెల రోజులు కూర్చుని రాసిన మాటలన్నీ చారెడు మసి ముందు చిత్తయిపోయాయి. ఓబులేసు భుజం తడుముకుంటూ, “మాయమ్మకు రావద్దని చెప్తాలే అయ్యవారూ,” అన్నాడు. 

“రానీ! తప్పంతా మసిదే. ధర్మవరంలో చూసుకో నా తడాఖా,” అన్నాను. సొంత బుద్ధి పనిచెయ్యనప్పుడే మనిషికి తడాఖా గుర్తొస్తుంది.

ధర్మవరంలో ఓబులేసుకు అర్దళం, ప్రభాకరుకు మసి పూయించాను. తిమ్మప్ప లోకం తల్లకిందులైందన్నట్టు గొణుక్కుంటూనే పూశాడు. మగ్గాల పని ముగించుకుని జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో ఓబులేసు తల్లి, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

మాట మార్చలేదు, కథ మార్చలేదు. గులాబీ రంగు కుజుడు నీళ్లు పోస్తుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. “దేవుడప్పా!” అన్నారెవరో. నల్ల కెప్టెన్ యంత్రం మీద చెయ్యి వేశాడో లేదో “దొంగ నాయాలా!” అని లేచారు. చెప్పులొచ్చి పడ్డాయి. ప్రభాకరు తెర వెనక్కొచ్చి ఏడుపు ముఖం పెట్టాడు.

“హిందూపురంలో ఇదే పని చేస్తే ఈలలేసిరి గదా! నన్నెందుకు కొడ్తాండారు?”

“నాకు దినామూ ఇదేలే. నువ్వొక్క ఆటకే ఏడిస్తే ఎట్లబ్బా?” అన్నాడు ఓబులేసు.

ఆట ముగిసింది. చప్పట్లే చప్పట్లు! నేను గాల్లో తేలిపోతున్నాను. అంతలో మగ్గాలవాళ్ల పెద్ద ఒకాయన పట్టు శాలువా పట్టుకుని వేదిక మీదికొచ్చాడు. “కుజుని వేషం కట్టిన మారాజును రమ్మనండప్పా, సన్మానం చేస్తాం!” అన్నాడు. సన్మానమంటే రంగు కడుక్కుని రావాలి కదా. ఓబులేసూ ప్రభాకరూ గబగబా వేషాలు విప్పేసి, సబ్బుతో ముఖాలు కడుక్కుని పక్కపక్కన వచ్చి నిలబడ్డారు.

పెద్దాయన ఇద్దరినీ చూశాడు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. నేరుగా పోయి ప్రభాకరు భుజాల మీద శాలువా కప్పాడు.

ప్రభాకరు “నేను కాదు…” అన్నాడు. అన్నాడు, అబద్ధమెందుకు చెప్పాలి. చప్పట్లు మోగాక నోరు మూసుకుని నమస్కారం పెట్టాడు. ఓబులేసు తడి ముఖంతో అలాగే నిలబడ్డాడు.

నేను ఆగలేకపోయాను. తెర పక్కన దాక్కుని ఆటంతా మాటలందించినవాణ్ణి, ఒక్క గెంతులో వేదిక మీద పడ్డాను.

“అయ్యా, ఈయప్ప దొంగ కెప్టెను! నీళ్లు పోసినోడు ఆయప్ప!”

పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎంతో ఆప్యాయంగా నా భుజం తట్టాడు.

“దొంగ వేషం నువ్వు బాగా కట్టినావు నాయనా. నీక్కూడా ఏదో ఒకటి ఇస్తాంలే. ముందు పోయి ఆ మసి కడుక్కోపో.”

జనం పడీ పడీ నవ్వారు. నా ముఖానికి చిటికెడు రంగు లేదు మహాప్రభో! అయినా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయి రుద్ది చూసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

దిగివస్తుంటే ఓబులేసు తల్లి కొడుకు ముఖం కొంగుతో తుడుస్తోంది. నన్ను చూసి ఆమే అంది:

“శాలువా వాళ్లకే ఉండనీలే అయ్యవారూ. నా కొడుకు ఈపొద్దు చావల్యా. అంతే చాలు.”

కాబట్టి చదువరులారా, సూర్యచంద్రుల సాక్షిగా, నా నెత్తిన పడిన రాకెట్టు సాక్షిగా ప్రమాణం చేశాను: అర్దళం డబ్బా, మసి ముంత పట్టుకోకుండా జనం నాటకం చూసే గ్రహం ఒకటి దొరికేదాకా మళ్లీ నాటకం రాయనని. ఇన్నేళ్లయినా మాట తప్పలేదు. రాయలేదు.