కొంగుముడిలోని కాసు

నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి బయటికి రాగానే తోపుడుబండి మీద కోసిన మామిడికాయల పుల్లటి వాసన తగిలింది. ఆ వాసన వస్తే చాలు, నాకు వెంకటలక్ష్మత్త వరండా గుర్తొస్తుంది. తమిళనాడులోని రాజపాళయంలో మా పక్కిల్లు ఆమెది. దగ్గర్లోని సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర చాలా ఏళ్లు పనిచేసింది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, చదువు మాత్రం తమిళంలోనే. అత్తా అంతే. యాభై దాటాక, మామగారి పెట్టెలో దొరికిన పాత తెలుగు పద్యాల పుస్తకం ఎలాగైనా చదవాలని, ఒక్కతే కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. తర్వాత కాలేజీలో చదువుతున్న నన్ను పట్టుకుంది. ఒక్కో గుణింతం అప్పజెప్పితే ఉప్పూకారం అద్దిన ఒక్కో మామిడి ముక్క చేతిలో పెట్టేది.

నాకు కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి మా అక్క పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది నెల్లూరు. పెళ్లిలో చదవడానికి తెలుగులో ఒక కవిత రాశాను. మా అవ్వ కొంగుముడి విప్పి అక్క చేతిలో కాసు పెట్టడం అందులో ఉంది. మా ఇంట్లో చిల్లర డబ్బుకు అదే మాట. కానీ మా ఊళ్లో తమిళం మాట్లాడేవాళ్లూ కాసే అంటారు. నెల్లూరు వాళ్లు నవ్వుతారని దాన్ని కొట్టేసి, పైన 'ధనము' అని రాసి అత్తకు చూపించాను.

చదివి అత్త కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. “మీ అవ్వ కొంగులో ధనము ముడేసినాదా? ఆ బరువుకు చీర చినిగిపోయుండునే!”

“కాసు తమిళ్ మాట గదా అత్తా. ఆ ఊరోళ్లు నవ్వుతారు.”

“ఎవురు చెప్పినారు నీకు?”

లోపలికి వెళ్లి ఆ పాత పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “నేను చదవను. నువ్వే చదువు.”

వేలు పెట్టుకుని చదివాను. ఒక పద్యంలో కవి రాజు ముందు నిలబడి, పొగడ్తలు చాలు, కాసులివ్వమంటున్నాడు. ఇంకోదాంట్లో పిసినారి కాసును పట్టుకుని వదలడు. మరోచోట ఒక భక్తుడు కాసు కూడా లేని తనను ఏలుకోమని దేవుడితో పోట్లాడుతున్నాడు. ఒక పద్యాన్ని మొదటి నుంచి చివరిదాకా నేను సొంతంగా చదవడం అదే మొదలు. ఇంకా ఎక్కడుందోనని పొద్దు వాలేదాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

“అరవానికీ ఉంది, మనకూ ఉంది. రెండిళ్ల బిడ్డ అది,” అంది అత్త. “దానికి లేని సిగ్గు నీకెందుకు?”

పెళ్లిలో మైకు ముందు, 'ధనము' కొట్టేసి మళ్లీ 'కాసు' రాసుకున్న కాగితం తీసి చదివాను. 'కాసు' దగ్గరికి రాగానే ముందు వరుసల్లో నవ్వులు వినిపించాయి. తలెత్తి చూస్తే, నవ్వుతున్నవాళ్లంతా ముసలమ్మలు. మావాళ్లూ నెల్లూరువాళ్లూ తమ తమ కొంగులు తడుముకుంటూ ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మూడో వరుసలోంచి అత్త లేచి నిలబడి, “ఇంకోతూరి చదువమ్మా, ఆ మాట బాగా వినపడల్యా!” అని అరిచింది. మళ్లీ చదివాను, ఈసారి గట్టిగా.

అత్త పోయి మూడేళ్లయింది. ఆమె పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. ఆదివారాలు మా వీధి ఆడవాళ్లం ఐదారుగురం కూర్చుని అందులోంచి చదువుకుంటాం. మా ఇంటి మాట ఏదైనా పద్యంలో కనిపిస్తే, సొంత మనిషి ఎదురొచ్చినట్టు, ఇప్పటికీ ముందు నాకు నవ్వొస్తుంది.