చివరి ఇంటి నీళ్లు

సర్వే మేడం పోయారు. పోయిన వారం పొద్దున చాయ్ తాగుతుంటే మా అమ్మాయి ఫోన్ చూసి చెప్పింది. కప్పు కింద పెట్టి తల వంచుకున్నాను. ఆమె అడిగిన ఒక మాటకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.

ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో మా వీధి చివర పార్కు బెంచీ మీద మాకు పరిచయం. ఆమెది గుంటూరు వైపు. ఉద్యోగమంతా ఆఫ్రికాలో, మలావీ పల్లెల్లో చేశారు. ఇల్లిల్లూ తిరిగి ఎందరున్నారు, నీళ్లెక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఆసుపత్రికి ఎంత నడవాలి అని రాసుకోవడం ఆమె పని. నేను మాట తక్కువవాణ్ణి, వినేవాణ్ణి.

"ఊరి పెద్ద ఇంటి నుంచి మొదలుపెట్టకూడదండీ అన్నయ్యగారూ. కుర్చీ వేసి, ఊరందరి సంగతీ తనే చెప్పేస్తాడు. అన్నీ ఉన్నాయంటాడు. చివరి ఇంటి నుంచి రావాలి" అనేవారు.

ఆ ఇంట్లో ముందు నీళ్లిస్తారట. తాగాకే ఎక్కడివని అడగాలట. ముందే అడిగితే జంకినట్టు ఉంటుందట.

"మరి కడుపు నొయ్యదా మేడం?"

"నొచ్చేది. మాత్ర వేసుకునేదాన్ని. వాళ్ల ముందు కాదులెండి" అని నవ్వారు.

నిరుడు చలికాలం "మీ ఊరు గీయండి, చూస్తాను" అని తన చేతికర్ర ఇచ్చారు. మంచు మీద గీశాను. బడి, పంచాయతీ ఆఫీసు, మా ఇల్లు, మా పాలోళ్లు, అదే దాయాదుల ఇళ్లు, కాలువ. కర్ర తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"కాలువ అవతల?"

"వాడ ఉంటది మేడం."

"చివరి ఇల్లు ఎవరిది?"

తెలియదు. మా పొలంలో నాట్లు వేసిందీ, కోతలు కోసిందీ ఆ వాడవాళ్లే.

"నీళ్లెక్కడివి వాళ్లకి?"

అదీ తెలియదు.

"ఎప్పుడన్నా అక్కడ తాగారా?"

నా బూట్ల వంక చూసుకున్నాను. ఆమె దెప్పలేదు. "కనుక్కుని చెప్పండి. తొందరేం లేదు" అన్నారు.

ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను. "గవన్నీ నీకెందుకే అన్నా? కెనడాల పని లేదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మళ్లీ అడగలేదు. ఆమె వచ్చే వేళకు పార్కుకు పోవడం మానేశాను.

ఒకసారి దుకాణంలో ఎదురుపడ్డారు. "కనబడటం లేదేంటి, మోకాళ్లు బాగున్నాయా?" అన్నారు. అంతే. ఆ మాట ఎత్తలేదు. వాళ్లకు కనబడకుండా మాత్ర మింగినట్టే, ఆ ప్రశ్ననూ నాకు కనబడకుండా మింగేశారు.

అంత్యక్రియల నాడు ఎవరో కుర్రాడు "రెండు మాటలు చెప్పండి అంకుల్" అన్నాడు. అడ్డంగా తల ఊపాను. ఆ రెండు మాటలే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న మంచు పడింది. పార్కులో ఒక పుల్ల దొరికితే ఊరు మళ్లీ గీశాను. ఈసారి కాలువ అవతలి నుంచి మొదలుపెట్టాను. ఒక్క ఇల్లు గీసి దాని ముందు ఆగాను. పిలుద్దామంటే పేరు తెలియదు. అక్కడే నిలబడిపోయాను. ఆ ఇంటి గీతల మీద మంచు సన్నగా పడుతూ పోయింది.